ఎండుటాకులు కాల్చకుండా కుదరదా? మా క్యాంపస్ గొడవ

హాస్టల్ రెండో అంతస్తు
ఒడిశాలోని గంజాం జిల్లాలో ఓ యూనివర్సిటీలో చదువుతున్నాను, పేరు రాయను. చలికాలం వస్తే చాలు, ఊడ్చిన ఆకులు ప్రహరీ పక్కన కుప్పేసి తెల్లారకుండానే అంటిస్తారు. ఆ వేళప్పుడు గాలి ఆడదు. పొగ పైకి పోక మా కిటికీల ఎత్తులోనే పరుచుకుంటుంది. మా గదిలో ఉబ్బసం ఉన్న కుర్రాడు తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని పడుకుంటున్నాడు. ఆపమని అర్జీ పెడదామంటే మా వాళ్ళలోనే సగం మంది వద్దంటున్నారు.

కాశీబుగ్గ బాబాయి
నాయనా, ఇలాంటి చోటే మెయింటెనెన్స్‌లో ఇరవయ్యేళ్ళు చేశాను. ఆకుల కుప్పలో రక్తపింజరి పడుకుంటే కాలు వేసేదాకా తెలీదు. 2018లో తిత్లీ తుఫానుకి విరిగిన కొమ్మలు ఎన్నాళ్ళు పడున్నాయో నాకు తెలుసు. ఊడ్చేది నలుగురు ఆడవాళ్ళు. అర్జీ పెడితే చీవాట్లు వాళ్ళకే గాని పై వాళ్ళకి కాదు. కాల్చకపోతే ఎక్కడ పెట్టమంటావు?

పర్లాకిమిడి మాస్టారు
బాబాయిగారూ, మీ ఇబ్బంది నిజమే గాని చట్టం ఒకటుంది. చెత్త కాల్చకూడదని, తోట చెత్త ఎవరి ఆవరణలో వాళ్ళే విడిగా ఉంచుకోవాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. అదే ఏడాది పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అంది. పీఎం 2.5 అనే సన్న ధూళికి రోజు సగటున మన దేశం పెట్టుకున్న హద్దు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది. ఆకుల పొగలో ఉండేది ముఖ్యంగా ఆ సన్న ధూళే.

హాస్టల్ రెండో అంతస్తు
పొగ ఒక్కటే అయితే కిటికీ మూసుకునేవాళ్ళం. ఆ బూడిద ఎక్కడికి పోతుందో ఎవరూ చూడట్లేదు. పారతో వాననీటి కాలువలోకి తోసేస్తారు. బస్సులు కడిగే షెడ్డు నీళ్ళూ అందులోకే. పోయిన జూన్‌లో మొదటి వానకి గాజు గ్లాసు ముంచి చూశాను. అడుగున వేలెడు నల్లటి మడ్డి, పైన ఆయిల్ రంగులు తేలుతున్నాయి. మురుగు కాలువలా కాదు, ఈ నీటికి శుద్ధి లేదు. తిన్నగా కింది చెరువుకి పోతుంది. అక్కడ ఊరి గేదెలు దిగుతాయి, పిల్లలు ఈదుతారు. నెలల తరబడి రోడ్ల మీద పేరుకున్నదంతా మొదటి వానే ఊడ్చుకుపోతుంది. పొగ మనకి, మడ్డి వాళ్ళకి. ఇది నాకు మింగుడు పడట్లేదు.

జీడితోట అమ్మాయి
తమ్ముడూ, మా తోటలో ఇనుప వల గుండ్రంగా చుట్టి, అందులో జానెడు ఆకు, దాని మీద పేడనీళ్ళు, మళ్ళీ ఆకు వేస్తాం. తడి ఆరకుండా చూసి, అప్పుడప్పుడు తిరగేస్తే నాలుగైదు నెలల్లో ఎరువవుతుంది. నీలగిరి ఆకు మాత్రం తొందరగా కుళ్ళదు, అది చెట్ల పాదుల్లో పరిచెయ్యాలి. వల హాస్టల్‌కి దూరంగా పెడితే పాముల భయం తగ్గుతుంది. కాలువ మూతికి జాలీ వెయ్యమనండి. అయితే వారం వారం దులపాలి, లేదంటే అక్టోబరు వానకి ఆకులు అడ్డుపడి నీళ్ళు హాస్టల్లోకే వస్తాయి.

కాశీబుగ్గ బాబాయి
ఆ వల తిరగేసేదెవరమ్మా? మళ్ళీ ఆ నలుగురేనా? ఇంకో ఇద్దరు మనుషుల్ని, ఒక ఆకు తరిగే యంత్రాన్ని ఇస్తే నేనూ మీ మాటే అంటాను. బస్సుల షెడ్డు నీటి సంగతి నాకూ ఇన్నాళ్ళూ తట్టలేదు. ముందు ఆయిల్ పట్టే తొట్టి కట్టించాలి, దానికి ఊడ్చేవాళ్ళతో పనే లేదు. అర్జీలో మొదటి మాట మనుషుల గురించే రాయి నాయనా. వాళ్ళ చేత మాత్రం సంతకం పెట్టించకు. కాంట్రాక్టు పనులు, రేపటికల్లా పోతాయి.

హాస్టల్ రెండో అంతస్తు
అలాగే బాబాయిగారూ. సంతకాలు మావే. గ్లాసు ఫోటో కూడా జత చేస్తున్నాను.