1981 డయానా పెళ్లి స్టాంపులు: కవరు మీంచి తీసేయాలా, అలాగే ఉంచాలా?

గోదారిగట్టు:
మా పెద్దమామయ్య అప్పట్లో బర్మింగ్‌హామ్‌లో ఉండేవాడు. ఆయన రాసిన ఉత్తరాలన్నీ అమ్మమ్మ బిస్కెట్ల రేకు డబ్బాలో దాచింది. మొన్న రాజమండ్రి ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆ డబ్బా దొరికింది. ఒక కవరు మీద చార్లెస్, డయానా స్టాంపులు రెండూ ఉన్నాయి: 14 పెన్నీలది, 25 పెన్నీలది. ముద్ర 22 జులై 1981. 25 పెన్నీల దాని మూల పసుపు మరక, అమ్మమ్మ వేలిదే అయ్యుంటుంది. వాడని జత ఇంకోటి ఉంది కానీ ఇక్కడి ఉక్కకి జిగురు సాగి రెండూ వీపూ వీపూ అతుక్కుపోయాయి.

కవరు మీదవి నానబెట్టి తీసి ఆల్బమ్‌లో పెడదామని గిన్నెలో నీళ్లు కూడా పోశా. ఈలోగా మావారు "డయానా కదా, లక్షలొస్తాయేమో, ఎవర్నైనా అడుగు" అన్నారు.

పాతచిల్లు:
అమ్మా, ముందు ఆ గిన్నె అవతల పెట్టు! 22 అంటే స్టాంపు విడుదలైన రోజు. పెళ్లి 29న. మొదటిరోజు ముద్ర పడి, చేత్తో రాసిన అడ్రసుతో నిజంగా ఇంటికొచ్చిన ఉత్తరం అది. నానబెడితే రెండు మామూలు వాడిన స్టాంపులు మిగులుతాయి, అంతే. మరక జోలికి పోకు.

లక్షలు మాత్రం మర్చిపో. ఆ ఏడాది చాలా కామన్వెల్త్ దేశాలు ఈ పెళ్లికి స్టాంపులు వేశాయి, కొన్నవాళ్లంతా దాచుకున్నారు. ఇప్పుడు కట్టలుగా దొరుకుతాయి. అతుక్కున్న జతని తడి స్పాంజి పెట్టిన మూతడబ్బాలో, నీళ్లు తగలకుండా, ఒక రాత్రి ఉంచి చూడు. జిగురు కొంత పోవచ్చు.

అన్నట్టు, ఆ స్టాంపు మీది ఫొటో తీసింది లార్డ్ స్నోడన్. పెళ్లికొడుకు పిన్ని మార్గరెట్‌కి 1978లో విడాకులిచ్చిన మాజీ బాబాయి!

కొంగలరెక్క:
ఇంగ్లండ్ ఈ పనిలో ఆలస్యమేనండీ. 1947లో ఎలిజబెత్ పెళ్లికి ఆస్ట్రేలియా స్టాంపు వేసింది కానీ బ్రిటన్ వేయలేదు. వాళ్లు మొదలుపెట్టింది 1973లో ఎలిజబెత్ కూతురు ఆన్ పెళ్లికి. జపాన్ అయితే 1900లోనే యువరాజు పెళ్లికి 3 సెన్ల స్టాంపు వేసేసింది.

నాకిష్టమైంది మాత్రం 2011 నియూవే ద్వీపానిది. విలియం, కేట్ జంట ఫొటోకి సరిగ్గా మధ్యలోంచి చిల్లుల వరస. చింపితే ఆయన 3.40 డాలర్లకి, ఆవిడ 2.40కి విడివిడిగా పోస్టులో వెళ్లొచ్చు. శుభలేఖతో పాటే విడాకుల కాగితం అచ్చేసినట్టుంది.

గోదారిగట్టు:
గిన్నెలో నీళ్లు తులసికి పోసేశా. మూతడబ్బా ప్రయోగం ఈ రాత్రికి. కవరు లోపలి ఉత్తరం ఇప్పుడే చదివా: "అమ్మా, వచ్చే బుధవారం రాణిగారబ్బాయి పెళ్లట, మాకు సెలవిచ్చారు. ఎవరైనా ఇటు వస్తుంటే ఆవకాయ పంపు, ఈసారి మూత గట్టిగా బిగించు."