చేపల తొట్టి అద్దం మీద తెల్లని చార: చేపలు లోపల ఉండగానే పోగొట్టడం ఎలా?

హన్మకొండ_గప్పీ
నాలుగడుగుల తొట్టి. ఊరు మారుతున్న వాళ్ల దగ్గర పాతది కొన్నాను. లోపల ఇరవై గప్పీలు (చిన్న చేపలు), రెండు ఏంజెల్ చేపలు. మాది బోరు నీరు. నీళ్ల మట్టం దగ్గర రెండు వేళ్ల వెడల్పున తెల్లని చార గట్టిగా పట్టేసింది. గిన్నెలు తోమే స్క్రబ్బరుతో రుద్దాను, చార కదలలేదు. చేపలను తీయకుండా శుభ్రం చేసే దారి చెప్పండి. మళ్లీ పట్టకుండా ఏమి చేయాలి? పైన ప్లాస్టిక్ మూతకూ ఇదే చార ఉంది.

నర్సంపేట_అక్క
తమ్ముడూ, చార సంగతి తర్వాత. ఏంజెళ్ల మధ్య గప్పీలను వదిలావా? ఇవాళ ఇరవై అంటున్నావు, వచ్చే నెల ఇదే తేదీన మళ్లీ లెక్కపెట్టు. మా ఇంట్లో ఏంజెల్ నా కళ్లముందే గప్పీ పిల్లను మింగింది. తోక ఇంకా బయటే ఉంది.

కాజీపేట_పాతకాపు
వెనిగర్. వంటింట్లో వాడే తెల్ల వెనిగర్ చాలు. ముందు హీటరు, ఫిల్టరు ఆపాలి. హీటరును నీళ్లు దించడానికి పది నిమిషాల ముందే ఆపండి. నేను ఒక డిసెంబరులో మరిచిపోయాను. నీళ్లు దిగాయి, వేడి గొట్టం గాలికి తగిలింది, టప్పున పగిలింది. తర్వాత చారకు నాలుగు వేళ్ల కిందికి నీళ్లు దించి, వెనిగర్‌లో తడిపి గట్టిగా పిండిన గుడ్డను చార మీద అంటించి పావుగంట వదిలేయాలి. స్ప్రే కొట్టవద్దు, తొట్టిలోకి కారుతుంది. చిన్న బుడగలు వస్తే చారలోని సున్నం కరుగుతున్నట్టు. ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవాలి.

పరకాల_తొట్టి
అంత ఓపిక ఎవరికి? కొత్త బ్లేడు పెట్టి గీకితే రెండు నిమిషాల పని. నేను పదేళ్లుగా అదే చేస్తున్నాను. ఇంకో మాట. తొట్టిలో తగ్గిన నీళ్లకు బదులు ఆర్‌ఓ మిషను బయటికి వదిలే నీళ్లు పోస్తాను. పారబోయడం పాపం కదా.

కరీంనగర్_ఏంజెల్
పరకాల అన్నా, చివరి రెండు వాక్యాలు చదివి కుర్చీలోంచి లేచాను. మిషను మంచినీళ్లు మీకిచ్చి, లవణాలన్నీ చిక్కబరిచి ఆ గొట్టంలోకి తోస్తుంది. అదే తెచ్చి చేపలకు పోస్తారా? పదేళ్లుగా గీకుతున్నారంటే, పదేళ్లుగా ఆ చారను మీరే పెంచుతున్నారు.

పరకాల_తొట్టి
మా చేపలు చావలేదు. ఆ నీళ్లకు టీడీఎస్ మీటరు పెట్టి చూశాను, 1100. మా బోరు నీళ్లే 800. పెద్ద తేడా ఏముంది?

మాలావి_మాస్టారు
ఇరవై ఏళ్లుగా ఆఫ్రికా సిక్లిడ్ చేపలు పెంచుతున్నాను, కాబట్టి ఈ విషయంలో నా మాట వినండి. మాలావి సరస్సు చేపలకు కఠినమైన క్షార నీరే ప్రాణం. మృదువైన నీళ్లు పోసి వాటిని చంపినవాళ్లను చూశాను. ఆ చార మీ నీళ్ల బలానికి గుర్తు. దాన్ని చూసి సిగ్గుపడేవాళ్లు అక్వేరియం పెట్టుకోకూడదు.

కరీంనగర్_ఏంజెల్
మాస్టారూ, అడిగిన అతని దగ్గర మాలావి చేపలు లేవు. ప్రతి చర్చలోనూ మీ సరస్సు ఎందుకు?

మాలావి_మాస్టారు
నీ వయసు ఎంతో చెప్పి మాట్లాడు.

రసాయన_టీచరమ్మ
కొట్లాట ఆపండి. ఆ మీటరు నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను అంచనా వేస్తుంది. కాఠిన్యం అంటే కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. ఉప్పు ఎక్కువై 1100 చూపే నీటికి చార తక్కువగా ఉండవచ్చు, 600 చూపే నీరు గట్టిగా సున్నం పెట్టవచ్చు. చుక్కలు వేసి రంగు చూసే కిట్టుతో కొలవాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాములంటుంది, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా. గప్పీలకు కొంత కాఠిన్యం మంచిదే, అంతవరకు మాస్టారు మాట నిజం.

కానీ తొట్టిలో ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలు అక్కడే మిగులుతాయి. మిషను వదిలే నీళ్లతో ఆ లోటు పూడిస్తే ప్రతి బిందె సున్నాన్ని మరింత పెంచుతుంది. ఆ లోటుకు ఆర్‌ఓ మంచినీరు పోయండి, వారం వారం నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మామూలు నీరు. అలా చేస్తే చార నెమ్మదిగా కడుతుంది. ఇంకొకటి, తొట్టి కింద తాండూరు బండ పరిచి ఉంటే వెనిగర్ దాని మీద పడనివ్వకండి. అది సున్నపురాయి.

పరకాల_తొట్టి
టీచరమ్మ గారూ, మీరు మర్యాదగా చెప్పారు, ఒప్పుకుంటాను. కరీంనగర్ వాళ్లకు మర్యాద నేర్పేవాళ్లు కావాలి. ఇక నుంచి ఆ నీళ్లతో బాత్రూం కడుగుతాను, సరేనా?

కరీంనగర్_ఏంజెల్
సరే. మా దగ్గర గ్రానైట్ ఉంది అన్నా, వెనిగర్ పడితే సున్నపురాయిలా తొందరగా మచ్చ పడదు. ఒక పలక పంపమంటారా?

రామగుండం_కొత్తవాడు
చార మీద బాత్రూం యాసిడ్ వేస్తే? మా పక్కింటాయన పది నిమిషాల్లో పోతుందన్నాడు.

రసాయన_టీచరమ్మ
వద్దు బాబూ. యాసిడ్ అద్దాన్ని తినదు, కానీ దాని పొగ నీ ఊపిరితిత్తులను, ట్యూబులైటు లోహపు భాగాలను తింటుంది. చేపలున్న నీళ్లలో చుక్క పడితే పీహెచ్ కుప్పకూలుతుంది. దానికి తోడు బ్లీచింగ్ పౌడరు కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, గదిలో ఉన్నవాళ్లు ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తుంది. ఖాళీ తొట్టికి కూడా నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు చాలు.

నర్సంపేట_అక్క
సబ్బు కూడా వద్దు. ఒకసారి గిన్నెల సబ్బు మిగిలిన గుడ్డతో తుడిచాను, తెల్లారేసరికి మూడు పోయాయి. తొట్టికని విడిగా ఒక గుడ్డ ఉండాలి, ఇంట్లో వేరే పనికి ముట్టుకోకుండా దాచాలి. మా ఆయన దానితోనే బండి తుడిచాడు, అది వేరే కథ. తమ్ముడూ, గప్పీలు ఎన్ని ఉన్నాయి?

కాజీపేట_పాతకాపు
బ్లేడు గురించి: అద్దం మీద సరే, మూలల్లో నల్ల సిలికాన్ దగ్గరికి పోనివ్వకండి. కోత పడితే నెల తర్వాత గది నిండా నీళ్లు. మూతకు బ్లేడు, స్క్రబ్బరు రెండూ వద్దు, ప్లాస్టిక్ మీద గీత పడితే ఇక పోదు. దాన్ని విప్పి పలచని వెనిగర్‌లో నానబెట్టాలి. ఫిల్టరు నీళ్లు చిలికే చోట చుక్కలు ఎగిరి అద్దానికి, మూతకు తగులుతుంటాయి. ఫిల్టరు గొట్టం నీళ్లలోకి కాస్త దించితే సగం బాధ తగ్గుతుంది.

మాలావి_మాస్టారు
సక్కర్ చేప వేస్తే అద్దం మొత్తం అదే నాకుతుంది.

కాజీపేట_పాతకాపు
అది నాచు తింటుంది మాస్టారూ, సున్నం కాదు. పైగా అడుగు దాటి పెరిగాక జనం దాన్ని తెచ్చి చెరువులో వదులుతున్నారు. వడ్డేపల్లి వైపు వలల్లో పడిందని విన్నాను. పుణ్యం అనుకొని ఎవరూ వదలకండి.

హన్మకొండ_గప్పీ
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. హీటరు ఆపి, గుడ్డ పద్ధతి రెండుసార్లు చేశాను. చార దాదాపు పోయింది. మిగిలిన పలచని మచ్చ ఎంత రుద్దినా కదలలేదు, చూస్తే అది అద్దానికి బయటి వైపు ఉంది. అక్కా, గప్పీలు పదిహేడు. టీచరమ్మ గారూ, తాండూరు బండ గురించి మీరు రాసింది ఈ రోజే చదివాను. గుడ్డ నుంచి కారి హాలులో జానెడు తెల్లమచ్చ పడింది. అమ్మ ఇంకా చూడలేదు, ప్రస్తుతానికి కుర్చీ అడ్డం పెట్టాను.