హెబ్బాళ–సిల్క్ బోర్డ్ టోల్ సొరంగం: కావాలా, వద్దా?

హెబ్బాళ వాసి:
బెంగళూరులో ఉండే మనవాళ్లకి తెలిసిన గొడవే. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డ్ దాకా దాదాపు 16.75 కిలోమీటర్లు జంట సొరంగాలు తవ్వాలన్నది ప్రతిపాదన. అంచనా 17 వేల కోట్ల పైమాట. ప్రైవేటు కంపెనీ కట్టి టోల్ వసూలు చేసుకుంటుంది. లాల్‌బాగ్ తోట దగ్గర సొరంగంలోకి దారి పెడతామన్నందుకు పెద్ద రచ్చే అయింది. నా ఓటు మాత్రం సొరంగానికే. సాయంత్రం మేఖ్రి సర్కిల్‌లో ఇరుక్కుంటే ఎప్పుడు బయటపడతామో దేవుడికే తెలియాలి. పైన రోడ్డు వెడల్పు చేద్దామంటే ఎవరి ఇళ్లు కూలుస్తారు?

బైకు బతుకు:
అన్నా, బైకులకీ ఆటోలకీ అందులోకి ప్రవేశం లేదు. టోల్ కిలోమీటరుకు 19 రూపాయల దాకా అని వార్తల్లో వచ్చింది. ఒకవైపుకే 300 దాటుతుంది. రోజూ అంత పెట్టి ఎవరెళ్తారు?

హెబ్బాళ వాసి:
వెళ్లగలిగినవాళ్లు వెళ్తారు తమ్ముడూ. కార్లు కిందికి దిగితే పైరోడ్డు నీకే కదా ఖాళీ!

సిడ్నీ తెలుగు:
మెలిక అంతా ఆ ఖాళీలోనే ఉందండీ. ఇక్కడ క్రాస్ సిటీ టన్నెల్ 2005 ఆగస్టులో తెరిచారు. రెండు కిలోమీటర్లు, ఆ పైన కొంచెం. రోజుకు 90 వేల బళ్లు వస్తాయని లెక్కేసుకుంటే మొదట్లో వచ్చినవి 30 వేల చిల్లర. పైన వీధుల్లో లేన్లు తగ్గించారు, కొన్ని మలుపులు మూసేశారు. టోల్ కట్టించడానికే మమ్మల్ని కిందికి తోస్తున్నారని జనం మండిపడ్డారు. కొన్నిటిని మళ్లీ తెరవక తప్పలేదు. 2006 డిసెంబరుకల్లా కంపెనీ అప్పులిచ్చినవాళ్ల చేతికి పోయింది.

అందుకే నేనైతే ముందు ఒప్పందం చూపించమంటాను. పైరోడ్డు మీద రేపు బస్సు లేన్ వేసినా, పక్కనే మెట్రో తెచ్చినా "మా రాబడి పడిపోయింది, నష్టం కట్టండి" అనే షరతు అందులో ఉందా?

లెక్కల మాస్టారు:
కంపెనీ మునిగితే మనకేంటి? బ్రిస్బేన్‌లో క్లెమ్7 సొరంగం 2010 మార్చిలో తెరిచారు, ఏడాది తిరక్కుండానే కంపెనీ చేతులెత్తేసింది. బళ్లు మాత్రం ఇప్పటికీ తిరుగుతున్నాయి. పోయింది వాటాదారుల డబ్బు. ఊరికి సొరంగం మిగిలింది.

సిడ్నీ తెలుగు:
మాస్టారూ, ఆ దెబ్బలు తిన్నాక ప్రైవేటువాళ్లు ఊరికే ముందుకొస్తారా? తర్వాత ఇక్కడ వెస్ట్‌కనెక్స్ అనే పెద్ద టోల్ రోడ్ల ప్రాజెక్టుని ప్రభుత్వమే నెత్తినేసుకుని మొదలుపెట్టింది. 2018లో 51 శాతం, 2021లో మిగతాది అమ్మింది. టోళ్లు మోయలేక జనం గోల పెడితే, 2024 నుంచి సొంత బండివాళ్లకి వారానికి 60 డాలర్లు దాటిన టోల్ ప్రభుత్వం వెనక్కిస్తోంది. అంటే కారు లేనివాడి పన్ను కూడా అందులో పడుతున్నట్టే.

భూగర్భ పని:
తవ్వకం గురించి ఒక మాట. బెంగళూరు అడుగున ఒకచోట గట్టి రాయి, ఆ పక్కనే మెత్తటి మట్టి. ఈ రెండూ కలిసిన చోట మిషను పళ్లు తొందరగా అరిగిపోతాయి, పైన నేల కుంగే ప్రమాదమూ ఉంటుంది. మెట్రోవాళ్లని అడగండి, చెప్తారు. అయినా తవ్వడం ఒకసారితో అయిపోతుంది. ఫ్యాన్లు, పంపులు, పొగను బయటికి లాగే ఏర్పాటు, బండి ఆగిపోతే లాక్కెళ్లే క్రేను మాత్రం రాత్రీ పగలూ సిద్ధంగా ఉండాలి. లోపల పొగ ఎక్కడో ఒకచోట పైకి వదలాలి కదా, ఆ గొట్టం ఏ వీధిలో లేస్తుందో ఆ వీధివాళ్లకి ముందే చెప్పాలి. ఇక సిల్క్ బోర్డ్ దగ్గర గట్టి వాన పడితే నీళ్లు ఎలా నిలుస్తాయో అందరం చూసిందే. కౌలాలంపూర్ స్మార్ట్ సొరంగంలో కుంభవృష్టి కురిస్తే రోడ్డు మూసేసి వరద నీళ్లు వదులుతారు. దాన్ని కట్టిందే అందుకు. మనది కార్ల కోసం.

బైకు బతుకు:
హెబ్బాళ నుంచి సర్జాపుర దాకా మెట్రో రెడ్ లైన్ ప్రతిపాదన ఉంది. ముందు అది కట్టమనండి. మా బైకులు ఇంట్లోనే ఉంటాయి.

హెబ్బాళ వాసి:
అది వచ్చేలోపు నేను రిటైరైపోతాను.

బైకు బతుకు:
సొరంగం రేపొద్దున్నే వచ్చేస్తుందా అన్నా?