‘దియెస్ ఇరే’కు వెర్దీ న్యాయం చేశాడా?

పాతరికార్డు: దేవుడి తుది తీర్పు దినం గురించి 13వ శతాబ్దపు లాటిన్ గీతం ‘దియెస్ ఇరే’ (ఆగ్రహ దినం). దానికి ఇటలీ స్వరకర్త వెర్దీ రెక్వియెమ్‌ను (చనిపోయినవారి కోసం చేసే పూజకు కట్టిన సంగీతాన్ని) మించింది లేదంటాను. కాదనేవాళ్ళు చెప్పండి.

మంద్రం: నేను కాదంటాను. పాత చర్చి బాణీ వినండి. ఫా, మి, ఫా, రె. వాద్యం లేదు, అందరిదీ ఒకే గొంతు. గీతంలో బాకా ఉంది, మూడో చరణంలో. వెర్దీ మోగించే ఆ పెద్ద డ్రమ్ము ఎక్కడుంది?

పాతరికార్డు: బాకాలూ పెట్టాడుగా, కనబడకుండా దూరంగా నాలుగు. డ్రమ్ము చర్మం బాగా బిగించాలని, దెబ్బ పొడిగా, చాలా గట్టిగా పడాలని స్కోరులోనే రాశాడు. 1874లో మొదటిసారి వినిపించింది మిలాన్ సాన్ మార్కో చర్చిలో, థియేటర్లో కాదు.

చెరువుగట్టు: మోజార్ట్ రెక్వియెమ్‌లో ఇదే గీతం చివరి భాగం ‘లాక్రిమోజా’ ఊసే లేదేం?

మంద్రం: అందులో ఆయన రాసింది మొదటి ఎనిమిది బార్లే (తాళపు గళ్ళే). చర్చిలో వాయిస్తే గీతంలోకి డ్రమ్ము వచ్చేస్తుందా?

పాతరికార్డు: డ్రమ్మునే పట్టుకుని వేలాడుతున్నారు. ఏడో చరణం, ‘దీనుణ్ణి, అప్పుడు నేనేం చెప్పుకోను?’ వినండి. ముగ్గురు గాయకుల కింద బసూన్ (మంద్రంగా పలికే ఊదే వాద్యం) ఒంటరిగా తిరుగుతుంటుంది. ముందు ఆ దెబ్బ పడితేనే ఇది గుండెకు తగిలేది.

సుధ: ఫ్రెంచి స్వరకర్త ఫోరే తన రెక్వియెమ్‌లో చివరి ‘పియె యేసు’ (దయగల యేసూ) మాత్రం ఉంచి మిగతా గీతమంతా తీసేశాడు. మంచి పని చేశాడు.

పాతరికార్డు: ఆయన ‘లిబెరా మే’ (నన్ను విడిపించు) ప్రార్థనలోనూ హార్న్‌లతో ‘ఆగ్రహ దినం’ అన్న మాటలే వస్తాయి. మిగతాదంతా జోలపాట.

మంద్రం: ఆ మాట అనకండి. మా నాన్న శవపెట్టె ఇంకా మూయలేదు, ఒకాయన నలభై నిమిషాలు నరకం గురించే ప్రసంగించాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆ డ్రమ్ము వింటే నాకు ఆయన గొంతే వినిపిస్తుంది.

పాతరికార్డు: క్షమించండి. జోలపాట అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మా అమ్మ పోయినప్పుడు అందరూ ‘మంచిచోటికే వెళ్ళింది, ఏడవకు’ అన్నారు. నాకు వణుకు పుడుతోందని ఎవరితో చెప్పుకోను? వెర్దీ విన్నాకే నాకు ఏడుపొచ్చింది.

మంద్రం: మీ వణుకు మీరు చెప్పుకున్నారు. ఏడో చరణంలోనూ ‘నేను’ అనే ఉంది. ఎవరికి వాళ్ళు చెప్పుకోవాల్సిన మాట అది, శవం దగ్గర కూర్చున్నవాళ్ళకు చెప్పేది కాదు. 1970 పూజా గ్రంథంలో కేథలిక్ చర్చి దీన్ని అంత్యక్రియల పూజ నుంచి తీసేసింది. ఇప్పుడు ఆగమన కాలానికి (క్రిస్మస్‌కు సిద్ధమయ్యే వారాలకు) ముందు వారం ప్రార్థనల్లో ఉంది. దాని చోటు అదే.

పాతరికార్డు: అంత్యక్రియల్లో వద్దంటే ఒప్పుకుంటాను. కచేరీలో వద్దంటే ఒప్పుకోను. వెర్దీ ‘లిబెరా మే’ చివర సోప్రానో (పై స్థాయిలో పాడే గాయని) ఒకే స్వరం మీద, మీ చర్చి బాణీలాగే, ‘నన్ను విడిపించు’ అని గొణుగుతుంది. అదైనా వినండి.

మంద్రం: వింటాను. డ్రమ్ము దాటాక ఎన్నో నిమిషమో చెప్పండి, అక్కణ్ణుంచి పెట్టుకుంటాను.