శుక్రవారం సిలువ మార్గం తర్వాత చేపల పులుసు: తపస్సు కాలంలో ఇది తగునా?

గుడి గంట
ఊళ్ళో లేనివాళ్ళ కోసం ముందు సంగతి చెబుతాను. ఫిబ్రవరి 18న విభూది బుధవారంతో తపస్సు కాలం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ప్రాయశ్చిత్త కాలం, మొదలైంది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి సిలువ మార్గం, అంటే యేసు శ్రమలను పద్నాలుగు స్థలాల్లో ఆగి ధ్యానించే ప్రార్థన, గుడి దగ్గర మొదలై ఇళ్ళ మధ్యగా సాగుతోంది. పద్నాలుగో స్థలం ఎవరింటి ముందు వస్తే వాళ్ళు అందరికీ భోజనం పెట్టడం మన విచారణలో (ఫాదర్‌గారి కిందికొచ్చే గుళ్ళలో) కొన్నేళ్ళుగా ఉన్న అలవాటే. మొన్న మార్చి 6న అన్నం, చేపల పులుసు, పెరుగు పెట్టారు. కొందరు తినకుండా వెళ్ళిపోయారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. యేసును సమాధిలో ఉంచిన స్థలం దగ్గర మోకరించి లేచి, అయిదు నిమిషాల్లో విస్తరి ముందు కూర్చోవడం నాకు మింగుడు పడలేదు. ఈ భోజనాలు ఆపాలా, వద్దా? మనసులో ఉన్నది చెప్పండి.

లెక్కల మాస్టారు
చేప మాంసం కిందికి రాదు. 1966 ఫిబ్రవరిలో ఆరవ పౌలు పోపుగారు ఇచ్చిన ఉత్తర్వు చదవండి. మానవలసింది మాంసం ఒక్కటే; గుడ్లు, పాలు దాంట్లోకి రావు. 1983 నాటి కానోను చట్టం (కతోలిక సంఘ చట్టం) ప్రకారం ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు రెండే: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). అది కూడా 18 నిండినవాళ్ళకు, అరవయ్యో ఏడు మొదలయ్యేదాకా. మాంసం మానడం 14 నిండిన అందరికీ. మార్చి 6 ఉపవాస దినం కాదు, పెట్టింది మాంసం కాదు. తప్పెక్కడుందో ఎవరైనా చూపించండి.

బి ఫార్మసీ
గుడ్డు తినొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది.

పెద్దకోడలు
మా పుట్టింటివాళ్ళు లూథరన్లు. శ్రమదినాలు (తపస్సు కాలాన్ని మేం అలా అంటాం) నలభై రోజులూ ఇంట్లో నీచు వండేవాళ్ళం కాదు. చట్టంలో ఉందని కాదు, మా అమ్మమ్మ మానేది కాబట్టి మేమూ మానేశాం. ఇక్కడికి కోడలిగా వచ్చాక శుక్రవారం చేప చూస్తే నాకు ఇప్పటికీ చేయి ముందుకు రాదు.

కువైట్‌వాసి
ఇక్కడ శుక్రవారం సెలవు, ఆదివారం పని. అందుకని ఆదివారం వినాల్సిన దివ్యబలి పూజ మాలో చాలామందిమి శుక్రవారమే వింటాం. ఆ తర్వాత రూముకొచ్చి పెరుగన్నం తిని పడుకుంటాను. సిలువ మార్గం అయ్యాక పిలిచి అన్నం పెట్టే ఇల్లు ఉండడం ఎంత పెద్ద విషయమో ఊళ్ళో ఉన్నప్పుడు నాకూ తెలియలేదు.

మిరపచేను
చేప సంగతి తర్వాత. అసలు ఆరింటికి మొదలుపెట్టడం ఏమిటి? మార్చిలో మిరప కోతలు. మా అమ్మావాళ్ళను ఆటో తెచ్చి దింపేసరికి ఏడు దాటుతుంది. ఆ ఘాటు వదిలేలా స్నానం చేసి, చీర మార్చుకుని బయల్దేరితే అక్కడ అన్నీ అయిపోయి ఉంటాయి. ఈ మూడు శుక్రవారాల్లో ఆమె ఒక్కదానికీ అందలేదు.

లెక్కల మాస్టారు
వేళ గురించి కాదు ఇక్కడ చర్చ. ఆరింటికి పెట్టింది ఫాదర్‌గారు. ఆయన రాత్రికి పక్క ఊళ్ళో పూజ చెప్పాలి. అడిగిన ప్రశ్న భోజనం తప్పా కాదా అని. చేప మాంసం కాదని ఎవరూ కాదనలేకపోయారు.

ఉపదేశిగారి అబ్బాయి
మా నాన్న ఉన్న రోజుల్లో చివరి స్థలం దగ్గర గంజి పోసేవారు, అంతే. రోజూ వంటకు ముందు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం పక్కన తీసి, పవిత్ర వారంలో గుడికి తెచ్చేవాళ్ళు. లేనివాళ్ళకు అవి పంచేవారు. మన కతోలిక సంఘం సేవాసంస్థ కారితాస్ ఇండియా ఏటా తపస్సు కాలంలో ఆకలి, రోగాల మీద చేసే ప్రచారం కూడా ఇదే మాట చెబుతుంది: నువ్వు మానుకున్నది ఇంకొకరికి చేరాలి. గంజి పోయి అన్నం, తర్వాత పప్పు, ఇప్పుడు పులుసు. నాన్న చూస్తే బాధపడేవారు.

లెక్కల మాస్టారు
గంజి పోస్తే భక్తి, పులుసు పోస్తే పాపం అని ఏ కానోనులో ఉంది?

మిరపచేను
మాస్టారూ, మీరు నాకు లెక్కలు చెప్పారు. ఈ లెక్క కూడా చూడండి. పోయినేడు మా అమ్మ పెద్దల కమిటీ దగ్గరికెళ్ళి, ఒక్క శుక్రవారం పద్నాలుగో స్థలం మా ఇంటి ముందు పెట్టమని అడిగింది. "నూటయాభై మందికి పెట్టగలవా అమ్మా?" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. ఆమె ఇంటికొచ్చి ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. రోజు కూలి ఒక కిలో కొర్రమీనుకే సరిపోతుంది. చేప తినొచ్చా లేదా అని మీరు వాదిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది.

లెక్కల మాస్టారు
ఎవరో అన్న మాటకు పెట్టినవాళ్ళను ఎందుకంటావమ్మా? ఇష్టంగా పెట్టే చేతిని పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. మా తాత స్థలమిస్తే లేచిన గుడి అది. మేం ఏనాడూ ఎవర్నీ రావద్దనలేదు.

మిరపచేను
స్థలం మీ తాతగారిచ్చారు. పునాది రాళ్ళు మోసింది మా తాత. జ్ఞానస్నానం ఒకే తొట్టి దగ్గర తీసుకున్నాం. మరి పద్నాలుగు స్థలాల్లో ఒక్కటైనా మా వాడలో ఉందా? వాటర్ ట్యాంకు దాకా వచ్చి సిలువ వెనక్కి తిరుగుతుంది. నా చిన్నప్పటినుంచి అక్కడే తిరుగుతోంది. రావద్దని మీరు అనలేదు, నిజమే. మీరు మా వైపు రాలేదు.

బి ఫార్మసీ
తపస్సు కాలంలో కులం గొడవ ఎందుకు? అడ్మిన్ ఇది మూసేస్తే మంచిది.

పెద్దకోడలు
మూయొద్దు. పదేళ్ళుగా నేను ఈ ఊళ్ళో ఉన్నాను. సిలువ ఎక్కడ తిరుగుతుందో ఇవాళ్టిదాకా గమనించనే లేదు.

లెక్కల మాస్టారు
అయితే వినండి. మార్చి 6న పెట్టింది మా ఇంట్లోనే. మూడో శుక్రవారం మాదని మా ఆవిడ ఇరవై రెండేళ్ళు పట్టుబట్టి పెట్టింది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. నాకు 71. హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చి, ఆమె చింతపండు ఎంత వేసేదో అక్కాచెల్లెళ్ళను అడిగి దగ్గరుండి వండించాను. విస్తళ్ళు వదిలేసి పోయినవాళ్ళను కళ్ళారా చూశాను. ఆ రాత్రినుంచి నాకు నిద్ర లేదు. ఆమె చేసిన పని తప్పని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను.

గుడి గంట
మాస్టారూ, క్షమించండి. మీ ఇంటి నుంచి లేచి వెళ్ళానన్న ధ్యాస నాకు అప్పుడు లేదు, నా ఉపవాసం మీదే ఉంది. ఆవిడ చేతి అన్నం నేనూ తిన్నవాణ్ణే. ఆ రోజు మీతో ఒక మాట చెప్పి వెళ్ళాల్సింది.

మిరపచేను
ఆవిడ మంచితనం నాకు తెలుసు మాస్టారూ. మా అమ్మకు టైఫాయిడ్ వస్తే పది రోజులు పాలు పంపింది. ఆవిడ పెట్టింది తప్పని నేను ఎక్కడా అనలేదు. కానీ మీరు పెట్టే భోజనం కొలతైపోయింది. ఆ కొలతకు తూగని ఇంటికి సిలువ రావడం లేదు. మీకు నిద్ర పట్టకపోవడం ఎలాంటిదో, మా అమ్మ ఆ రాత్రి మాట్లాడకపోవడం అలాంటిది.

కువైట్‌వాసి
ఆ ట్యాంకు అవతలే మా ఇల్లు కూడా. ఇంతకాలం నేను ఈ మాట అనలేదు.

లెక్కల మాస్టారు
కావాలని చేశారంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. అప్పట్లో ట్యాంకు దాటాక దారి లేదు, బురద. ఇప్పుడు సిమెంటు రోడ్డు పడింది, కాబట్టి ఆ కారణం చెల్లదు. 13న నేను ఊరొస్తున్నాను. ఫాదర్‌గారితో దారి గురించి, వేళ గురించి మాట్లాడతాను. చేప విషయంలో మాత్రం నా మాట మారదు.

మిరపచేను
20న ఎనిమిదింటికి పెడితే మా అమ్మ ఉంటుంది. పద్నాలుగోది అక్కర్లేదు, అయిదో స్థలం ఇవ్వండి. పల్లెటూరి నుంచి వస్తున్న సీమోనును ఆపి సిలువ మోయించిన స్థలం. మంచినీళ్ళు ఇస్తాం. వేరే ఏమీ అడగకూడదు.

ఉపదేశిగారి అబ్బాయి
ఎనిమిదింటికైతే ముసలివాళ్ళకు కష్టం, ట్యాంకు దాటాక రెండు స్తంభాలకు బల్బులు కూడా వెలగడం లేదు. పంచాయతీలో నేను అడుగుతాను. ఈలోగా ఇంట్లో ఉన్న రెండు టార్చిలు తెస్తాను, ఇంకెవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.