‘మస్ట్ నాట్’, ‘డోంట్ హావ్ టు’ తేడా పిల్లలకు ఎలా చెప్పాలి?

నేను తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఇంగ్లీష్ చెబుతాను. ‘మస్ట్’, ‘హావ్ టు’ రెండిటికీ ‘చేయాలి’ అని చెబితే సరిపోయింది. కాదనే వాక్యాలకు వచ్చేసరికి చిక్కు మొదలైంది. ‘యూ మస్ట్ నాట్ రన్’ అంటే పరుగెత్తకూడదు. ‘యూ డోంట్ హావ్ టు రన్’ అంటే పరుగెత్తక్కర్లేదు, కావాలంటే పరుగెత్తొచ్చు. మొన్న ఈ రెండోది బోర్డు మీద రాయగానే ఒక పాప లేచి, "పరుగెత్తితే తిడతారా టీచర్?" అని అడిగింది. ‘డోంట్’ కనబడితే చాలు, పిల్లలకు అది ‘వద్దు’ అనే వినిపిస్తోంది!

తెలుగులో ‘కూడదు’, ‘అక్కర్లేదు’ వేర్వేరు మాటలే కదా అని వాటితో పోల్చి చెప్పాను. ఆ పూటకి అర్థమైంది, మర్నాడు మళ్లీ మొదటికే వచ్చారు. పైగా ‘షుడ్ నాట్’కి కూడా ‘కూడదు’ అనే చెప్పాల్సి వస్తుంది, అది సలహా మాత్రమే అయినా.

రూల్ బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. ఆటగానో, బొమ్మలతోనో మీరెవరైనా ఇది నేర్పించారా? ఏ వాక్యాలు వాడితే పిల్లలకు గుర్తుండిపోయింది? ‘షుడ్ నాట్’ని ఇప్పుడే కలపొచ్చా, కొన్నాళ్లు ఆగమంటారా? దయచేసి చెప్పండి.