అప్‌డేట్: లక్క పూసల హారం జిగట ఎందుకైందో తెలిసింది

ఏటికొప్పాక లక్క పూసలను నూలు తాడుతో అల్లిన హారం మెడ వెనుక జిగటగా మారి, ఎరుపు రంగు తాడుకు అంటుతోందని గత నెల అడిగాను. నూలు అద్దకాన్నే అనుమానించాను. తప్పు నూలుది కాదు.

"వేసుకునేవారు సెంటు వాడతారా?" అని ఒకరు అడిగిన ప్రశ్నే దారి చూపింది. లక్క ఆల్కహాలులో కరుగుతుంది, సెంటులో ఉండేది ఎక్కువగా అదే. రెండు పూసలు తీసుకుని ఒకదానిపై నీళ్లు, మరోదానిపై సెంటు చల్లాను. నీళ్లు పడినది చెక్కుచెదరలేదు. రెండోది వేలికి అంటుకుంది! తిరిగే అంకుడు కర్రపై లక్కను ఒత్తి, రాపిడి వేడితో రంగు పట్టించి, మొగలి ఆకుతో మెరుగుపెట్టిన పనితనం అలా చెదరడం చూసి మనసు చివుక్కుమంది.

ఇప్పుడు హారం మార్చాను. మెడ చుట్టూ జడలా అల్లిన నూలు మాత్రమే. పూసలన్నీ గుండెల దగ్గరికి దిగాయి, మధ్యమధ్య వెండి బిళ్లలు. బరువు ముందుకు రావడంతో హారం ఇంకా అందంగా వేలాడుతోంది. సెంటు ఆరాకే ధరించమని పెట్టెలో చీటీ పెడుతున్నాను.

లక్క వేడికీ మెత్తబడుతుంది కాబట్టి, అవే పూసలతో చేస్తున్న గోడ శిల్పాన్ని ఎండ పడే కిటికీ దగ్గర నుంచి తీసేశాను. అడిగిన ఆ ఒక్కరికి నా కృతజ్ఞతలు.